కింగ్ జయంతి నాడు చేతిలో చెత్త సంచి

జనవరి మూడో సోమవారం దగ్గర పడుతోందంటే డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే హడావిడి. పేదలకు ఉచితంగా సరుకులిచ్చే ఏ ఫుడ్‌బ్యాంకులో ఖాళీలున్నాయి, పార్కు శుభ్రం చేసే జట్టులో పిల్లల పేర్లు ఎక్కడ రాయించాలి, సేవ చేసిన గంటలకు సర్టిఫికెట్ ఎవరిస్తారు? ఆ రోజు అమెరికా నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్ జయంతి, దేశమంతా సెలవు. ఇంట్లో కూర్చునే సెలవు కాదు, పనిలోకి దిగే సెలవు అన్నది దాని నినాదం. కాలేజీ అప్లికేషన్‌కు ఆ గంటలు పనికొస్తాయన్నది మనవాళ్ల లెక్క. వెక్కిరించడానికి చెప్పడం లేదు. డబ్బాలోని బీన్స్ తినేవాళ్లకు, వాటిని సర్దిన పిల్లాడి మనసులో ఏముందో ఎందుకు?

ఓ ఏడు నేనూ ఫుడ్‌బ్యాంకుకు వెళ్లాను. పని చిన్నదే. కుప్పగా పోసిన విరాళాల్లోంచి డబ్బా తీసి గడువు తేదీ చూడాలి. అంచు సొట్టపడితే పక్కన పెట్టాలి. బీన్స్ బీన్స్‌తో, సూపు సూపుతో అట్టపెట్టెల్లో సర్దాలి. రెండు గంటలకే నడుము పట్టేసింది. పక్కనున్న స్నేహితురాలి కొడుకు, పదో తరగతి కుర్రాడు, "ఇవి తీసుకెళ్లేవాళ్లకు ఉద్యోగాలు లేవా ఆంటీ?" అనడిగాడు. అక్కడి నిర్వాహకురాలిని కనుక్కున్నాను. చాలామందికి ఉన్నాయట. కొందరికి రెండేసి కూడా. "మరైతే ఇక్కడికెందుకొస్తారు?" అన్నాడు వాడు. ఈలోగా ఇంకో పెట్టె వచ్చింది.

కింగ్ అడిగిందీ అదే. 1967 ఏప్రిల్ 4న న్యూయార్క్ రివర్‌సైడ్ చర్చిలో వియత్నాం యుద్ధం మీద మాట్లాడుతూ, బిచ్చగాడికి నాణెం విసరడంతో కరుణ అయిపోదనీ, బిచ్చగాళ్లను పుట్టించే కట్టడాన్నే తిరగకట్టాలనీ అన్నారు. సరిగ్గా ఏడాదికి, అదే తేదీన, టెన్నెసీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరంలో తుపాకీ గుండుకు బలయ్యారు.

మెంఫిస్‌కు ఎందుకు వెళ్లారు? చెత్త ఎత్తేవాళ్ల కోసం. 1968 ఫిబ్రవరి 1న ఇద్దరు నల్లజాతి పారిశుద్ధ్య కార్మికులు వానకు తలదాచుకోవడానికి చెత్త లారీ వెనక భాగంలోకి ఎక్కారు. చెత్తను నొక్కే యంత్రం ఉన్నట్టుండి కదిలి ఇద్దరినీ నలిపేసింది. పదకొండు రోజులకు దాదాపు 1,300 మంది సమ్మెకు దిగారు. వాళ్లు పట్టుకున్న అట్టల మీద ఉన్నది ఒకే మాట: 'నేను మనిషిని'. ఆయన పేరు మీద పార్కులో చెత్త ఏరుతున్న పిల్లలకు ఈ కథ ఎంతమంది చెబుతున్నారు?

సెలవు కూడా ఊరికే రాలేదు. హత్య జరిగిన నాలుగో రోజే అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లో బిల్లు పెడితే, అధ్యక్షుడు రీగన్ సంతకం 1983లో పడింది. సేవా దినంగా మార్చిన చట్టం 1994 నాటిది. దాన్ని చట్టసభలో నడిపించిన ఇద్దరు సభ్యులూ అమాయకులు కారు. జాన్ లూయిస్ 1965లో ఓటు హక్కు ఊరేగింపులో సెల్మా వంతెన మీద పోలీసు లాఠీ దెబ్బకు తల పగలగొట్టించుకున్న మనిషి. హారిస్ వాఫర్డ్ యువకుడిగా ఉన్నప్పుడే ఇండియా వచ్చి గాంధీ మార్గాన్ని చదువుకున్నవాడు. వాళ్ల దృష్టిలో సేవ, పోరాటం రెండూ ఒక్కటే. కానీ సర్కారు రంగు డబ్బాలకు డబ్బిస్తుంది గానీ సమ్మెకు ఇవ్వదుగా. అందుకే మొదటి సగమే మిగిలింది. గోడకు రంగు వేయడానికి మేయరూ వస్తాడు, కంపెనీ ముద్ర ఉన్న టీషర్టులతో మేనేజర్లూ వస్తారు. జీతాల మాటెత్తితే ఒక్కరూ రారు.

మనకీ కొత్త కాదు. స్వచ్ఛ భారత్ మొదలైన 2014 అక్టోబర్ 2న చీపుళ్లు పట్టుకుని ఫొటోలు దిగని నాయకుడు లేడు. చేత్తో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ అంతకు ముందు ఏడాదే చట్టం వచ్చింది. మ్యాన్‌హోళ్లలో చావులు మాత్రం ఆగలేదు. కోలార్ బంగారు గనుల్లో, చేత్తో మలం ఎత్తే పని చేసిన కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ దశాబ్దాలుగా మొత్తుకుంటున్నది దీని గురించే. 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. చీపురు ఫొటోలకు వచ్చినంత ప్రచారం ఆయన మాటకు రాలేదు.

సేవా దినం ఎత్తేయమనడం లేదు. ఆకలి సోమవారం కూడా వేస్తుంది. కాకపోతే ఆ ఫుడ్‌బ్యాంకు గోడకు ఒక కాగితం అంటిస్తే బాగుండేదనిపిస్తుంది: టెక్సాస్‌లో కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు, 2009 నుంచి అదే. దాని కింద ఆ పేటలో ఒక్క పడకగది ఇంటి అద్దె. కుర్రాడి ప్రశ్నకు జవాబు దొరికేది.

మెంఫిస్ సమ్మె ఏప్రిల్ 16న ముగిసింది. యూనియన్‌కు గుర్తింపు, కాస్త జీతం పెంపు వచ్చాయి గానీ నగరం పింఛను మాత్రం వాళ్లకు దక్కలేదు. అప్పటి సమ్మెకారుల్లో బతికున్నవాళ్లకు తలా 50 వేల డాలర్లు ఇస్తామని నగరం 2017లో ప్రకటించింది. ఆ ముసలివాళ్లలో కొందరు అప్పటికీ చెత్త ఎత్తే పనిలోనే ఉన్నారు.