సీటుకు ఉన్న సర్టిఫికెట్ బొమ్మకు లేదు

మొన్న సెలవుల్లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పిల్లలు స్టాచ్యూ ఆడుతున్నారు. గోడ వైపు తిరిగి నిలబడ్డ పాప ఉన్నట్టుండి వెనక్కి తిరుగుతుంది, కదిలినవాళ్లు అవుట్. చిన్నప్పుడు మేమూ ఆడిన ఆటే. కాకపోతే ఇప్పుడు అవుటైనవాడు పక్కకెళ్లి కూర్చోవడం లేదు. పాప వేలు చూపించి ‘ఢాం’ అంటుంది, వాడు దబ్బున పడి కళ్లు మూసుకోవాలి. నల్ల ముసుగు తగిలించుకున్న ఇంకో పిల్లాడు వచ్చి, వాణ్ని కాళ్లు పట్టుకుని స్కూటర్ల దాకా ఈడ్చుకెళ్తాడు. ముసుగు మీద తెల్లటి త్రిభుజం. ఎక్కడిదిరా అని అడిగితే, స్కూలు పక్కన ఫ్యాన్సీ షాపులో కొన్నానన్నాడు. వాడు మూడో తరగతి. “ఆ సిరీస్ చూశావా?” అన్నాను. “లేదాంటీ, అది పెద్దోళ్లదంట, మమ్మీ చూడనివ్వదు” అన్నాడు. అబద్ధం చెబుతున్నాడని నాకు అనిపించలేదు.

ఆ సిరీస్ ‘స్క్విడ్ గేమ్’. 2021 సెప్టెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకే అని కొరియాలోనే ముద్ర వేసిన కథ. అప్పుల్లో కూరుకుపోయిన మనుషులు డబ్బు కోసం గోలీలు, తాడు లాగుడు లాంటి చిన్ననాటి ఆటలు ఆడతారు, ఓడినవాళ్లను కాల్చి చంపేస్తారు. విడుదలైన కొన్ని వారాలకే బెల్జియంలో ఒక స్కూలు, ఇంగ్లండ్‌లో ఒక స్థానిక కౌన్సిల్ తల్లిదండ్రులకు హెచ్చరికలు పంపాయి. పిల్లలు ఆ ఆటలు ఆడి, ఓడినవాళ్లను కొడుతున్నారని. అప్పుడు చర్చంతా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది: అంత చిన్నపిల్లలను చూడనిచ్చిన తల్లిదండ్రులు ఎవరు?

మా సెల్లార్ పిల్లాడి విషయంలో ఆ ప్రశ్న పనిచేయదు. వాళ్లమ్మ చేయాల్సింది చేసింది. చూడనివ్వలేదు. అయినా ఆ కథ మనుషులను చంపే చోటు వాడికి తెలుసు, ముసుగు తెలుసు, శవాన్ని ఈడ్చుకెళ్లాలని తెలుసు. రీల్సు, షార్ట్స్, ముసుగులు, టీషర్టులు, స్నేహితుల ఆటలు అన్నీ కలిసి వాడికి చెప్పేశాయి. వీటిలో ఏ ఒక్కదాని మీదా ‘18+’ అని రాసి లేదు. వయసు ముద్ర పడేది సినిమాకో సిరీస్‌కో మాత్రమే. దాని పేరుతో, బొమ్మతో, ముసుగుతో నడిచే మిగతా వ్యాపారమంతా ఆ ముద్ర లేకుండానే పిల్లల దగ్గరికి వెళ్తుంది. నా ఫిర్యాదు ఆ ఖాళీ మీద. అది పొరపాటున మిగిలిపోయిన ఖాళీ అని నేను నమ్మను. ఎందుకంటే అందులో వ్యాపారం చేసినవాళ్ల చరిత్ర చాలా పొడుగ్గా ఉంది.

1979లో హాలీవుడ్ ‘ఏలియన్’ వచ్చింది. అమెరికాలో దానికి ‘ఆర్’ రేటింగ్, అంటే పదిహేడేళ్ల లోపువారు పెద్దవాళ్లు వెంట లేకుండా చూడకూడదు. మనిషి ఛాతీ చీల్చుకుని ప్రాణి బయటికొచ్చే సినిమా అది. అంతకు రెండేళ్ల ముందు వచ్చిన ‘స్టార్ వార్స్’ బొమ్మలతో విపరీతంగా సంపాదించిన కెన్నర్ కంపెనీ, ఆ ప్రాణిని 18 అంగుళాల బొమ్మగా చేసి పిల్లల షాపుల్లో పెట్టింది. తల్లిదండ్రులు మండిపడ్డారు, బొమ్మ త్వరగానే షెల్ఫుల నుంచి వెళ్లిపోయింది. ఒక కంపెనీ తప్పు చేసి దిద్దుకుందని అప్పుడు ఎవరైనా అనుకుని ఉండొచ్చు.

తర్వాతి పదేళ్లలో జరిగింది వేరు. పిల్లల టీవీలో ప్రకటనలకు ఉన్న పరిమితులను అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ 1984లో ఎత్తేసింది. బొమ్మలు అమ్మడానికే కార్టూన్లు తీసే కాలం మొదలైంది. వియత్నాం యుద్ధం నుంచి మనసు చెదిరి తిరిగొచ్చిన సైనికుడి కథ రాంబో. 1985లో వచ్చిన రెండో సినిమాలో అతను లెక్కలేనంతమందిని చంపుతాడు. దానికీ ‘ఆర్’ రేటింగే. మరుసటి ఏడాదే అతను 65 ఎపిసోడ్ల పిల్లల కార్టూన్ హీరో అయ్యాడు, కోలెకో కంపెనీ బొమ్మలు తెచ్చింది. 1987 నాటి ‘రోబోకాప్’ హింస ఎంత తీవ్రమంటే, రేటింగ్ బోర్డు మొదట దానికి ‘ఎక్స్’ ఇచ్చింది, అంటే పెద్దలకు మాత్రమే. మళ్లీ మళ్లీ కత్తిరిస్తే తప్ప ‘ఆర్’ దక్కలేదు. 1988కల్లా అదీ పిల్లల కార్టూన్ అయింది. కెన్నర్ చేసిన రోబోకాప్ బొమ్మల్లో దీపావళికి మనం తుపాకుల్లో పెట్టి పేల్చే రీలు లాంటిదే పెట్టి టపటపా పేల్చవచ్చు.

1991లో ‘టెర్మినేటర్ 2’ వచ్చాక ఇంకో మెట్టు ఎక్కారు. దానికోసం చేసిన ఒక ఆట సామగ్రిలో, ఇనుప అస్థిపంజరం లాంటి బొమ్మను అచ్చులో పెట్టి చుట్టూ మెత్తటి ముద్ద పోస్తే అది చర్మంలా గట్టిపడుతుంది. తర్వాత ఆ చర్మాన్ని పిల్లాడు ఊడబీకవచ్చు. ఆ బొమ్మను తయారు చేసినవాళ్లు ఎంత శ్రద్ధగా ఆలోచించారో గమనించండి. సినిమాలో ఒళ్లు జలదరించే దృశ్యాన్నే ఎంచుకుని, చిన్నపిల్లల వేళ్లకు సరిపోయేలా మలిచారు. ‘ఈ సినిమా పిల్లలది కాదు’ అని ఒక చేత్తో రాస్తూ, ఇంకో చేత్తో ఈ పని చేశారు.

1992లో ‘బ్యాట్‌మ్యాన్ రిటర్న్స్’ గొడవ దీనికి పరాకాష్ఠ. పీజీ-13 రేటింగ్ (పదమూడేళ్ల లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులు జాగ్రత్తపడాలని హెచ్చరిక) ఉన్న ఆ సినిమాలో నల్లటి ద్రవం కక్కే పెంగ్విన్ మనిషి ఉంటాడు. మెక్‌డొనాల్డ్స్ మాత్రం దాని బొమ్మలను హ్యాపీ మీల్‌లో పెట్టి ఇచ్చింది. తల్లిదండ్రులు నిలదీస్తే, తమ ఉద్దేశం బ్యాట్‌మ్యాన్ అనే పాత్రను పిల్లలకు చేరువ చేయడమే తప్ప సినిమాకు పంపడం కాదని కంపెనీ జవాబిచ్చింది. ఈ సమాధానం దగ్గర కాస్త ఆగాలి. పాత్ర వేరు, సినిమా వేరు అన్న వాదన ఇది. నాలుగేళ్ల పిల్లాడికి ఆ తేడా తెలియదు. వాడి లెక్కలో చేతిలో ఉన్న బొమ్మా, గోడ మీద పోస్టరూ ఒక్కటే. బొమ్మ అమ్ముడుపోయేది కూడా ఆ ఒక్కటే అనుకునే గుణం వల్లే.

ఇవన్నీ విడివిడి ఉదంతాలు అనుకోవచ్చు. కానీ 2000 సెప్టెంబరులో ఒక ప్రభుత్వ నివేదిక ఆ అవకాశం లేకుండా చేసింది. 1999 ఏప్రిల్‌లో అమెరికాలోని కొలంబైన్ హైస్కూలులో ఇద్దరు విద్యార్థులు 12 మంది తోటి విద్యార్థులను, ఒక టీచరును కాల్చి చంపారు. ఆ తర్వాత అధ్యక్షుడు క్లింటన్, హింసాత్మక వినోదాన్ని పిల్లలకు అమ్ముతున్నారా అన్నది తేల్చమని, వ్యాపార పద్ధతుల మీద నిఘా పెట్టే ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌ను కోరారు. కమిషన్ కంపెనీల అంతర్గత మార్కెటింగ్ పత్రాలనే తెప్పించుకుంది. హింస కారణంగా ‘ఆర్’ రేటింగ్ వచ్చిన 44 సినిమాలను పరిశీలిస్తే, 35 సినిమాలు పదిహేడేళ్ల లోపు పిల్లలను లక్ష్యం చేసుకున్నాయి. వాటిలో 28 సినిమాల ప్రణాళికల్లో ఆ మాట పచ్చిగా రాసే ఉంది. పదిహేడేళ్లు నిండినవాళ్లకే అని ముద్ర ఉన్న 118 వీడియోగేముల్లో 83 ఇదే దారి. అసభ్య పదాల హెచ్చరిక ఉన్న 55 మ్యూజిక్ ఆల్బమ్‌లు చూస్తే మొత్తం 55. కమిషన్ పంపిన 13–16 ఏళ్ల పిల్లలు పెద్దవాళ్లు తోడు లేకుండా వెళ్తే, దాదాపు సగం థియేటర్లు ‘ఆర్’ సినిమాకు టికెట్ ఇచ్చాయి. గేములు, ఆల్బమ్‌ల విషయంలో వంద ప్రయత్నాల్లో 85 సార్లు కొనగలిగారు.

కొలంబైన్ ఘోరానికి సినిమాలే కారణమని ఆ నివేదిక అనలేదు. నేనూ అనను. తెర మీద రక్తం చూసిన ప్రతి పిల్లాడూ తుపాకీ పట్టడు. నన్ను కలచివేసేది ఆ పత్రాల్లోని నిబ్బరం. పిల్లలు చూడకూడదని ఎవరైతే ముద్ర వేయించుకున్నారో, వాళ్ల ఆఫీసులోనే ఇంకో గదిలో కూర్చుని, స్కూలు వదిలాక పిల్లలు చూసే టీవీ కార్యక్రమాల జాబితా రాసుకున్నారు. అంతా చేసి, చివరికి బాధ్యతను తల్లి మీదకు నెట్టేశారు.

ఆ నివేదిక వల్ల కొంత మేలు జరిగింది. సెనేట్ విచారణ ముందు స్టూడియోలు కొన్ని హామీలు ఇవ్వాల్సి వచ్చింది. కమిషన్ ఆ తర్వాతా కొనడానికి వచ్చినట్టు నటించే పిల్లలను షాపులకు పంపి, ఎవరు ఎన్నిసార్లు అమ్మారో బయటపెట్టింది. 2013 వచ్చేసరికి అలాంటి ముద్ర ఉన్న వీడియోగేము కొనగలిగిన పిల్లలు 13 శాతమే. 85 నుంచి 13కు పడింది. కౌంటరు దగ్గర నిఘా పెడితే కౌంటరు మూసుకుంటుందని దీన్నిబట్టి తెలుస్తోంది. కౌంటరు అవతల, బొమ్మ మీదా టిఫిన్ బాక్సు మీదా రీల్ మీదా నిఘా పెట్టినవాళ్లు మాత్రం లేరు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మన ‘ఎ’ సర్టిఫికెట్ అమెరికా ‘ఆర్’ కంటే గట్టిది. నాన్న పక్కనున్నా సరే, పద్దెనిమిది నిండనివాళ్లకు ప్రవేశం లేదు. 2023లో ప్రభాస్ ‘సలార్’కు, 2025లో రజనీకాంత్ ‘కూలీ’కి, పవన్ కల్యాణ్ ‘ఓజీ’కి అదే వచ్చింది. ‘కూలీ’ నిర్మాతలు, పెద్దల మార్గదర్శనంలో పిల్లలూ చూడగలిగే ‘యు/ఎ’ కావాలని మద్రాస్ హైకోర్టు దాకా వెళ్లారు, కోర్టు ఒప్పుకోలేదు. ఒక అక్షరం కోసం కోర్టుకెక్కారంటే పిల్లల టికెట్ల విలువ నిర్మాతకు ఎంత బాగా తెలుసో అర్థమవుతుంది. పిల్లాడు రాకపోతే వాడొక్కడే ఆగడు. అమ్మా నాన్నా నానమ్మా, నాలుగు సీట్లు ఖాళీ.

మన దగ్గర పిల్లలకు కార్టూను తీయక్కర్లేదు, హ్యాపీ మీల్ అక్కర్లేదు. హీరోయే ఫ్రాంచైజీ. సినిమా విడుదలకు నెలల ముందే టీజరు, గ్లింప్సు, లిరికల్ పాట యూట్యూబ్‌లో దిగుతాయి. థియేటర్లో వేసే ట్రైలరుకు సెన్సారు సర్టిఫికెట్ ఉండాలి. ఫోనులో వచ్చేదానికి అక్కర్లేదు. కత్తి ఎత్తిన హీరో, కింద నెత్తురు, మీద మోత. యూకేజీ పిల్లలు ఆ బీజీఎమ్‌కు నడక నేర్చుకుంటారు. స్కూలు యానివర్సరీలో దాని మీద డ్యాన్సు, పుట్టినరోజు ఫ్లెక్సీ మీద గొడ్డలి పట్టిన హీరో పక్కన బుజ్జిగాడి ఫొటో. ఆ మధ్య ఒక పుట్టినరోజుకు వెళ్తే, అయిదేళ్ల బాబుకు కేకు కోయడానికి ప్లాస్టిక్ వేటకత్తి ఇచ్చారు. బాబు దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. అందరూ విజిల్ వేశారు. వాడు కత్తి దించేదాకా ఎవరి ఫోనూ దిగలేదు.

ఇక సెన్సారు అవుతుంది, చాలాసార్లు విడుదలకు కొద్దిరోజుల ముందు. అప్పుడు తెలుస్తుంది అది ‘ఎ’ అని. నెలల తరబడి పిలిచి పిలిచి, గుమ్మం దాకా వచ్చాక పిల్లాణ్ని ఆపే పని టికెట్ చించే కుర్రాడి మీద పడుతుంది. ఏడుస్తున్న పిల్లాడితో, కోపంగా ఉన్న నాన్నతో మాట్లాడాల్సింది అతనే.

చట్టం ఈ మధ్య ఒక మంచి పని చేసింది. సినిమాటోగ్రాఫ్ చట్టానికి 2023లో చేసిన సవరణతో యు/ఎను మూడుగా విడగొట్టారు: 7+, 13+, 16+. ఓటీటీలకు 2021 ఐటీ నిబంధనల్లోనే ఇలాంటి వర్గీకరణ ఉంది, 13+, ఆపై ముద్ర ఉన్న వాటికి పేరెంటల్ లాక్ పెట్టాలి. అంటే ఇప్పుడు మన చేతిలో ఒక అంకె ఉంది. ఆ అంకె తెర దాటి బయటికి రావడం లేదు. ఇంకో పక్క, 2021 జనవరి నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లల ఆటబొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. అంచు వేలిని కోస్తుందా, రంగులో సీసం ఉందా, త్వరగా అంటుకుంటుందా అని పరీక్షిస్తారు. మంచిదే. అయితే ఆ ముసుగు ఏ కథలోది, ఆ కథకు ఏ వయసు ముద్ర ఉంది అని ఆ పరీక్షలో ఎవరూ అడగరు.

నిషేధాలు పెట్టమని నేను అడగడం లేదు. పెద్దల సినిమా పెద్దలకు ఉండాలి, హింసను లోతుగా చూపే కథలూ ఉండాలి. నేను అడిగేది చిన్నది. ఒక కథకు ‘ఎ’ అనో ‘16+’ అనో వస్తే, ఆ పేరుతో అంతకంటే చిన్నవాళ్ల సైజు టీషర్టుకు, బొమ్మకు, స్కూలు బ్యాగుకు లైసెన్సు ఇవ్వకూడదు. అనుమతి లేకుండా నకిలీ సరుకు చేసేవాళ్లను హక్కుదారులు ఆపలేరని చెప్పకండి. పైరసీ లింకును గంటల్లో తీయించగల నిర్మాతలకు ఇది చేతకాదంటే నేను నమ్మలేను. ఇంకొకటి, వయసు అంకె మొదటి టీజరు నుంచే కనబడాలి. సెన్సారు ఇంకా కాలేదు కదా అంటారు. స్క్రిప్టు రాసిన రోజే, ఎన్ని తలలు తెగుతాయో దర్శకుడికి తెలుసు. ‘పెద్దల కోసం తీస్తున్న సినిమా’ అని ఆయనే ముందుగా ప్రకటించవచ్చు. అలా ప్రకటించిన సినిమా పాటను పిల్లల చానళ్లలో, పిల్లల డ్యాన్సు షోలలో ప్రచారానికి వాడబోమని రాసివ్వవచ్చు.

మా సెల్లార్‌లో ఆట మళ్లీ మొదలైంది. ఈసారి ముసుగు వేసుకునే వంతు పాపది. ముసుగు పెద్దదై కళ్ల దగ్గర కంతలు సరిపోలేదు, తల వంచి వెతుక్కుంటూ పడిపోయిన పిల్లాడి కాళ్లు అందుకుంది. ముసుగు లోపలి అట్ట మీద ధర ఉంది, తయారీదారు పేరు ఉంది. వయసు లేదు.