పేరులో తేడా, పోయింది 1,44,000

17 ఏళ్లు మిలట్రీలో చేసి నాయక్ ర్యాంకుతో ఇంటికొచ్చాను. మాది పర్లాకిమిడి. ఒడిశా ఊరే గానీ ఇంట్లో, వీధిలో తెలుగే. మాజీ సైనికుల ఇళ్లవాళ్లు ఇది చివరిదాకా చదవండి.

మా పెద్దమ్మాయి ప్లస్ టూలో 81 శాతం తెచ్చుకుని బీటెక్‌లో చేరింది. మాజీ సైనికుల పిల్లలకిచ్చే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌కి పెట్టాం. కేంద్రీయ సైనిక బోర్డు ఏటా 5,500 మందికి ఇస్తుంది. ఆడపిల్లకి నెలకు 3,000, మగపిల్లాడికి 2,500. 60 శాతం మార్కులుండాలి. నాలుగేళ్లకి 1,44,000 రూపాయలు. హాస్టల్ ఖర్చు దాంతో గట్టెక్కుతుందని ధైర్యంగా ఉన్నాం.

తిప్పి పంపారు. మిలట్రీ నుంచి వచ్చేటప్పుడు ఇచ్చే నా డిశ్చార్జి బుక్కులో పిల్ల పేరు 'పి. జ్యోతి'. పదో తరగతి సర్టిఫికెట్లో 'జ్యోతి రావు'. నా పేరు చివరి రావుని ఇంటిపేరనుకుని, బడిలో చేర్చుకున్న మాస్టారు పిల్లకీ తగిలించేశారు. ఒడియావాళ్లకి ఇంటిపేరు చివర, మనకి ముందు. ఇక్కడి తెలుగువాళ్లలో ఈ తిప్పలు ఎన్ని ఇళ్లలో ఉన్నాయో! అప్పుడు నేను జమ్మూలో ఉన్నాను. మా ఆవిడకి ఒడియా చదవడం రాదు, చూపించిన చోట సంతకం పెట్టింది. ఆమెను ఏమని తప్పుపట్టను?

సరిచేయించాలంటే మేజిస్ట్రేట్ ముందు అఫిడవిట్ చేయించి మిలట్రీ రికార్డ్ ఆఫీసుకి పంపాలి, వాళ్లు పార్ట్ టూ ఆర్డర్, అంటే రికార్డులో మార్పు ఎక్కించే ఉత్తర్వు, వెయ్యాలి. అందుకు నెలలు పట్టింది. సైనిక బోర్డు ఆఫీసుకి మూడుసార్లు బస్సెక్కి వెళ్లాను. మూడోసారి గడువు దాటిపోయిందన్నారు. పోనీ వచ్చే ఏడు పెడదామంటే అదీ లేదు, మొదటి సంవత్సరంలో ఉన్నవాళ్లకే ఇస్తారు. నా కడుపు మండేది ఇక్కడే. పిల్లకి అర్హత లేదని ఎవరూ అనలేదు. నేను ఫౌజులో చెయ్యలేదనీ అనలేదు. రెండు అక్షరాల 'రావు' దగ్గర ఆపేశారు.

ఇంకో సాయం కూడా ఉంది. హవల్దారు, ఆ కింది ర్యాంకుల మాజీ సైనికుల పిల్లలకి రక్షామంత్రి నిధి నుంచి ఇచ్చే చదువు సాయం 2025 నవంబర్ నుంచి నెలకు వెయ్యి నుంచి 2,000 అయింది. ఇద్దరు పిల్లల వరకు, ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా. మంచి పని చేశారు. కానీ మా వీధిలోనే ఇద్దరు మాజీ జవాన్లకి ఈ సంగతి తెలియదు. ఎవరు చెప్తారు వాళ్లకి?

డిశ్చార్జికి ముందు యూనిట్‌లో ఎన్ని కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటారో చేసినవాళ్లకి తెలుసు. అప్పుడే పిల్లల సర్టిఫికెట్లు తెప్పించి డిశ్చార్జి బుక్కులో వాళ్ల పేర్లుండే ఆ ఒక్క పేజీతో సరిచూస్తే ఎంతసేపు పడుతుంది? పేరు తేడాతో ఆగిపోయినవాళ్లకి రెండో ఏడైనా అవకాశం ఇవ్వాలి. దీనికి కొత్తగా బడ్జెట్ కూడా అక్కర్లేదు.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లూ, ఈసారి సెలవుకి వచ్చినప్పుడు పిల్లల స్కూలు రికార్డు మీరే స్వయంగా చూడండి. తేడా ఉంటే యూనిట్‌లో ఉండగానే సరిచేయించుకోండి.

మా చిన్నోడు పదో తరగతి. వాడి పేరు సరిచేసిన పార్ట్ టూ ఆర్డర్ నిన్ననే పోస్టులో వచ్చింది. అక్క పేరు కూడా అదే కాగితంలో ఉంది. అదిప్పుడు బీటెక్ రెండో సంవత్సరం.