మాటకొక సెంటు అనే మహాపరాధం

సాహిత్యానికి జరిగిన ద్రోహాలను ఎవరైనా వరుసగా రాయదలిస్తే, 1896వ సంవత్సరాన్ని ఎర్రసిరాతో రాయవలసి ఉంటుందని నా దృఢాభిప్రాయం. ఆ ఏడాది న్యూయార్కులో ఫ్రాంక్ మన్సీ అనే మాజీ టెలిగ్రాఫ్ ఉద్యోగి, పిల్లల కోసం ప్రారంభించిన తన ‘ఆర్గోసీ’ పత్రికను పూర్తిగా పెద్దల కథలతో నింపి, కలప గుజ్జుతో చేసిన నాసిరకం కాగితం మీద 192 పేజీలు అచ్చువేసి, పది సెంట్లకు అమ్మడం మొదలుపెట్టాడు. కథ బాగుంటే చాలు, కాగితం ఏదైతేనేం అని అతని వాదం. దళసరి కాగితం మీద, రంగుల అట్టతో, ఎవరూ చదవని పుస్తకం వేసుకోవడమే సంస్కారమని నమ్మి పెరిగిన మనబోటివాళ్లకు ఈ వాదం ఎంత కంటగింపుగా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. 1907 నాటికి ఆ పత్రిక ఐదు లక్షల ప్రతులు అమ్ముడుపోయేదట. ఐదు లక్షలమంది కొని చదివేదాన్ని సాహిత్యమని ఎలా అంటాం? ఐదు వందల ప్రతులు వేయించి, అందులో నాలుగు వందలు మంచం కింద దాచుకున్నవాడినే కదా మన దగ్గర కవి అంటాం!

అయినా కాగితం సంగతి నేను క్షమించగలను. ఈ పల్ప్, అంటే గుజ్జు కాగితపు, పత్రికలవాళ్లు రచయితలకు డబ్బులిచ్చారు చూశారూ, దాన్ని మాత్రం క్షమించలేను. మామూలు రేటు మాటకొక సెంటు. (సెంటు అనగానే మన కోస్తా పాఠకులు పొలంలోకి వెళ్లిపోయి, నూరు మాటలకు ఎకరమా అని గుండె పట్టుకోవద్దు, ఇది డాలరులో నూరోవంతు మాత్రమే.) అనామకులకు అర సెంటు, పేరున్నవాళ్లకు అంతకంటే ఎక్కువ. పరువుగల కంపెనీలు కథ నచ్చిన వెంటనే చెక్కు రాసేవి. తక్కినవి కథ అచ్చయ్యాక ఇచ్చేవి, కొన్ని అప్పుడు కూడా మొహం చాటేసేవి. ఈ చివరి రకం వాళ్లలో మాత్రమే నాకు సంప్రదాయం పట్ల కాస్తంత గౌరవం కనిపిస్తుంది.

చమురు కంపెనీలో ఉద్యోగం ఊడిన రేమండ్ చాండ్లర్ అనే నడివయస్కుడు ఐదు నెలలపాటు చెక్కి చెక్కి తన మొదటి డిటెక్టివ్ కథ రాస్తే, 1933లో ‘బ్లాక్ మాస్క్’ పత్రిక దాన్ని వేసుకుని 180 డాలర్లు చేతిలో పెట్టింది. పద్దెనిమిది వేల మాటలకు అక్షరాలా మాటకొక సెంటు. ఉపమానాలు అందంగా ఉన్నాయని పైసా ఎక్కువ ఇచ్చిందీ లేదు, కొత్తవాడు కదా అని తగ్గించిందీ లేదు. కిరాణాకొట్టులో కందిపప్పు తూచినట్టు తూచి ఇచ్చారు. ముప్ఫయ్యేళ్లుగా రాస్తున్న నాకు ఇంతవరకు అలాంటి అవమానం జరగలేదని సగర్వంగా మనవి చేస్తున్నాను. నాకు పద్నాలుగు శాలువాలు వచ్చాయి. ఒక పత్రికవారు నా కథ వేసుకుని, ఆ సంచిక కావాలంటే ఏడాది చందా కట్టవలసిందని కార్డు రాశారు. కట్టాను.

ఇదే ‘బ్లాక్ మాస్క్’ పుట్టుక మరీ సిగ్గుచేటు. ఆనాటి అమెరికా సాహిత్య విమర్శకు పెద్దదిక్కయిన హెచ్.ఎల్. మెంకెన్, తన మిత్రుడు జార్జ్ జీన్ నాథన్‌తో కలిసి ‘స్మార్ట్ సెట్’ అనే ఉన్నతాభిరుచుల పత్రిక నడిపేవాడు. ఉన్నతాభిరుచి గనక నష్టాలు తప్పలేదు. ఆ లోటు పూడ్చడానికి ఇద్దరూ 1920లో ఐదు వందల డాలర్లతో ఈ నేరకథల పత్రికను పెట్టి, తమ పేర్లు ఎక్కడా కనిపించకుండా జాగ్రత్తపడి, ఎనిమిది సంచికల తర్వాత పన్నెండు వేల ఐదు వందలకు అమ్మేశారు. హత్యలు అమ్మిన సొమ్ముతో కవిత్వానికి ఉప్పూపప్పూ తెచ్చారన్నమాట! మన సాహిత్య పత్రికల సంపాదకులు ఇలాంటి పాపానికి ఎన్నడూ ఒడిగట్టలేదు; వాళ్లు భార్య జీతంతోనే పత్రిక నడిపారు.

డబ్బు ఆశ చూపితే మనిషి ఎంతకు తెగిస్తాడో చెప్పడానికి వాల్టర్ గిబ్సన్ ఉదాహరణ చాలు. ఈయన వృత్తిరీత్యా ఇంద్రజాలికుడు. ‘షాడో’ అనే నల్లకోటు వీరుడి మీద 1931 నుంచి 1949 వరకు వెలువడిన 325 నవలల్లో 282 ఈయనే రాశాడు, అదీ మాక్స్‌వెల్ గ్రాంట్ అనే మారుపేరుతో. టోపీలోంచి కుందేలును తీసే చేతికి టైపురైటర్ దొరికితే ఇంతే. మాక్స్ బ్రాండ్‌గా పేరుపొందిన ఫ్రెడరిక్ ఫౌస్ట్ సంగతి ఇంకా విషాదకరం. ఆయన మనసంతా కవిత్వం మీదే ఉండేది. దాన్ని కొనేవాడు లేడు. అందుకని ఇటలీలో, ఫ్లారెన్సు నగరంలో బంగళా తీసుకుని, అక్కడ కూర్చుని కౌబాయ్ కథల్లో అమెరికా ఎడారుల్లో గుర్రాలను పరుగెత్తించాడు. మొత్తం మీద రెండున్నర కోట్ల మాటలకు తక్కువ రాయలేదంటారు. మన కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారు వెయ్యి నవలలు రాసి రైల్వే స్టేషన్లలో జనం చేతుల్లో పెట్టినప్పుడు పండితులు మొహం తిప్పుకున్నారంటే, ఈ అంటువ్యాధి సముద్రం దాటి వచ్చిందనే భయంతోనే కాబోలు.

ఎడ్గార్ రైస్ బరోస్ ఆఫ్రికా మొహం చూడకుండానే 1912లో ఇలాంటి పల్ప్ పత్రికకే టార్జాన్ కథ రాసి, అక్కడి అడవుల్లో పులిని తిప్పాడు. అక్కడ పులులుండవని పాఠకులు పట్టుకున్నారు. పుస్తకంగా వచ్చేసరికి పులి ఆడసింహం అయింది. దీన్నిబట్టి ఆ నాసిరకం పాఠకులు ప్రతి వాక్యమూ చదివేవారని తేలుతోంది. ఇది ఏ రచయితకైనా ఎంత ఇబ్బంది!

మాటకింత అని లెక్కగట్టి ఇచ్చే ఈ దురాచారం తెలుగులోకి రాకపోవడానికి మాత్రం మన వ్యాకరణమే కారణమని నా పరిశోధనలో తేలింది. ‘రాజీవలోచనుడు’ అని రాస్తే ఒక సెంటు. ‘రాజీవముల వంటి లోచనములు గలవాడు’ అని విగ్రహవాక్యం రాస్తే నాలుగు సెంట్లు. ఇక సమాసం చేసేదెవడు? ‘చెప్పాల్సివచ్చిందన్నమాట’ అని కలిపి రాసినవాడు పిల్లల నోటి దగ్గర కూడు తీసినవాడవుతాడు. పద్యపాదం పొడుగునా ఒకే సమాసం పరిచిన మన ప్రబంధకవులు ఆ లెక్కన ఆకలితో పోయేవారు. వాళ్లకు సెంట్ల బదులు అగ్రహారాలిచ్చిన రాజులు లెక్క తెలిసినవాళ్లు.

మొన్న అమెరికా నుంచి వచ్చిన మిత్రుడొకరు 1930ల నాటి కౌబాయ్ కథల సంచిక ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. కత్తిరించని అంచులు బాగా కాలిన అప్పడంలా ఉన్నాయి. పేజీ తిప్పినప్పుడల్లా గోధుమరంగు పొడి నా పంచె మీద రాలింది. గుజ్జులో మిగిలిన ఆమ్లం కాగితాన్ని లోపల్నుంచే తినేస్తుందట. వెనక పేజీల్లో ఇంట్లో కూర్చుని రేడియో రిపేరు నేర్చుకోండనీ, బక్కపలచనివాళ్లు కండలు పెంచుకోండనీ ప్రకటనలు. ఇలాంటి పొడిలో పుట్టిన చాండ్లర్‌ను, మరో నేరకథకుడు హామెట్‌ను, భయానక కథల లవ్‌క్రాఫ్ట్‌ను ఇవాళ ‘లైబ్రరీ ఆఫ్ అమెరికా’ ప్రచురణ సంస్థవారు ఆమ్లం లేని కాగితం మీద, గుడ్డ బైండుతో వేసి మహాకవుల సరసన నిలబెట్టారు. నేను ఆ పొడిని జాగ్రత్తగా దులిపి, కథ చివరిదాకా చదివి, హంతకుడు షెరీఫే అని తెలుసుకున్నాకే ఆగ్రహించాను.

ఈ వ్యాసం పంపేముందు, ఎందుకైనా మంచిదని, సాధ్యమైన చోటల్లా సంధులు విడగొట్టి, మాటలు లెక్కపెట్టి, మొత్తం అట్టడుగున పెన్సిలుతో వేశాను. సంపాదకులవారు ఫోను చేసి, వ్యాసం చాలా బాగుందనీ, అయితే విడగొట్టడం వల్ల అరపేజీ పెరిగిందనీ, ఆ అరపేజీ కాగితం ఖర్చు నేను భరించగలనా అనీ ఎంతో మర్యాదగా అడిగారు.