థైరాయిడ్ క్యాన్సర్: జీన్ వార్తలల్ల మనకు పనికొచ్చేది ఏది?

థైరాయిడ్ క్యాన్సర్‌కు జీన్ థెరపీ అని ఎక్కడన్న వార్త వచ్చిందంటే మా నల్గొండ దిక్కు వాట్సాప్ గ్రూపులల్ల రెండు రోజులు అదే తిరుగుతది, లోపల చదివితే చానా వరకు ల్యాబ్‌ల ఎలుకల మీద చేసిన పనే. నన్నడిగితే మనం చూడాల్సింది కొత్త జీన్ ఎక్కించుడు కాదు, పాత రేడియో అయోడిన్‌ను, అంటే రేడియేషన్ ఇచ్చే ఐ-131 అనే అయోడిన్‌ను, మళ్ల పనిచేయించే గోలీలను.

థైరాయిడ్ కణం రక్తంలకెల్లి అయోడిన్‌ను గుంజుకుంటది, ఆ పని ఎన్ఐఎస్ అనే ప్రోటీన్‌ది, దాని జీన్‌ను 1996ల పట్టుకున్నరు. ఆపరేషన్ అయినంక మిగిలిన క్యాన్సర్ కణాలు గూడ అదే అలవాటుతోని ఐ-131ను మింగి చస్తయి, 1940ల నుంచి నడుస్తున్న వైద్యమే. కానీ కొందరి గడ్డలల్ల, ముఖ్యంగా బీఆర్ఏఎఫ్ జీన్ మారినోళ్లల్ల, ఆ ప్రోటీన్ తగ్గిపోతది, ఎంత డోసిచ్చినా దండుగే.

వైరస్‌ల పెట్టి ఎన్ఐఎస్ జీన్‌ను వేరే క్యాన్సర్ కణాలల్లకు గూడ పంపి చూసిన్రు. అయోడిన్ లోపలికి పోయింది గానీ నిలవలే. అసలు థైరాయిడ్ కణంల టీపీఓ అనే ఎంజైమ్ దాన్ని కట్టి పెడ్తది, అది లేనికాడ జల్ది బయటికొస్తది, రేడియేషన్ సగం తగ్గనీకే ఎనిమిది రోజులు పట్టే సరుకు గంటలల్ల ఎల్లిపోతే ఏం కాలుస్తది? పైగా వైరస్ ఒంట్లున్న ప్రతి గడ్డకూ చేరాలె, అది ఇంకో తిప్పల.

గోలీల దారి వేరే. 2013ల అమెరికాల సెల్యుమెటినిబ్ అనే మందు 20 మందికిచ్చి చూస్తే 12 మందిల అయోడిన్ పట్టుడు పెరిగింది, అండ్ల 8 మందికి ఐ-131 డోసు ఇచ్చేంత. ఇదేం మంత్రం కాదు, అదే మందును ఆపరేషన్ అయినంక జీన్ చూడకుంట ఇచ్చిన పెద్ద ట్రయల్‌ల ఫాయిదా కనబడలే. అంటే ముందుగాల ఎవరి గడ్డల ఏ జీన్ మారిందో తెలవాలె.

ఐ-131 అంటే మన ట్రాంబే రియాక్టర్‌ల తయారయ్యేదే, కొత్త ఫ్యాక్టరీలు అక్కర్లే. తిప్పలంతా మిగతా కాడ. ఐ-131 ఇచ్చేముందు, రోజూ ఏసుకునే థైరాయిడ్ హార్మోన్ గోలీ వారాలకొద్ది బంద్ పెడితే మనిషి లేవలేనంత నీరసమైతడు, అయోడిన్ ఉప్పు, పెరుగు మానాలె, పెద్ద డోసుకు విడిగా రూము కావాలె, దానికి హైదరాబాద్ పోవాలె. వాపస్ వచ్చేటప్పుడు పిల్లలకు, కడుపుతోని ఉన్నోళ్లకు దూరముండుమంటరు, దిల్‌సుఖ్‌నగర్‌ల నల్గొండ బస్సెక్కినోడు ఎవరికి దూరముంటడు?

జీన్ టెస్టుకైతే మళ్ల కోత అక్కర్లే, ఆపరేషన్‌ల తీసిన గడ్డ ముక్కను మైనంల బ్లాక్ చేసి ల్యాబ్‌ల దాస్తరు, అదే చాలు. దవాఖానల డిశ్చార్జ్ కాయితంతోపాటు ఆ బ్లాక్ నంబర్ గూడ అడిగి రాసుకోన్రి.