ధ్రువపు మంచు బలాన్ని ఊహించడం ఆపి, కొలవాలి

ఆర్కిటిక్‌లోని కారా సముద్రంలో వేసవి మంచు తగ్గడానికీ, మన దేశంలో సెప్టెంబరు కుంభవృష్టికీ సంబంధం ఉండొచ్చని గోవాలోని జాతీయ ధ్రువ, మహాసముద్ర పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 2021లో ప్రతిపాదించారు. ఒడిశా కొండల్లో వాన పడితే వంశధార మీది గొట్టా బ్యారేజీ గేట్ల వైపు చూసే శ్రీకాకుళం జిల్లాకు ఇది దూరపు ముచ్చటేమీ కాదు. కాకపోతే అలాంటి లెక్కల వెనకున్న మోడళ్లలో ఒక అంకె ఇంకా అంచనా మీదే నడుస్తోంది. అది మంచు బలం, అంటే ఎంత ఒత్తిడి దాకా మంచు నలగకుండా తట్టుకుంటుందన్నది.

1979లో విలియం హిబ్లర్ అనే శాస్త్రవేత్త రాసిన సముద్రపు మంచు మోడల్లో ఆ అంకె చదరపు మీటరుకు 5,000 న్యూటన్లు. 1982కల్లా అది 27,500 అయింది. మంచేమీ గట్టిపడలేదు. ఎనిమిది రోజుల సగటు గాలుల బదులు రోజువారీ గాలులు ఇచ్చేసరికి, మోడల్లో మంచు కదలిక నిజమైన కదలికతో సరిపోయేలా అంకెను పెంచారంతే. అదే సూత్రం ప్రకారం మంచు మధ్య పది శాతం నీరు బయటపడితే బలం దాదాపు ఏడో వంతుకు పడిపోతుంది. శాటిలైట్లు విస్తీర్ణం చూపిస్తాయి, మందాన్ని కొంతవరకు చెబుతాయి. లోపలి ఒత్తిడి మాత్రం వాటికి అందదు.

దాన్ని పట్టేది వైబ్రేటింగ్ వైర్ సెన్సర్. సుమారు ఆరు సెంటీమీటర్ల వ్యాసమున్న మందపాటి స్టీలు గొట్టం, లోపల 60 డిగ్రీల తేడాతో మూడు తీగలు. విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ తీగ బిగిస్తే శ్రుతి మారినట్టే, మంచు నొక్కితే తీగ కంపించే వేగం మారుతుంది. మూడు తీగల లెక్కతో రెండు ప్రధాన ఒత్తిళ్లూ (అన్నిటికన్నా ఎక్కువదీ, తక్కువదీ), వాటి దిశా తెలుస్తాయి. గొట్టం మంచు కన్నా బాగా గట్టిది కాబట్టి, మంచు స్వభావం కాస్త మారినా రీడింగ్ పెద్దగా చెదరదు.

చిక్కంతా పాతేటప్పుడు మొదలవుతుంది. రంధ్రంలో సెన్సర్ పెట్టి మంచినీళ్లు పోసి గడ్డకట్టిస్తారు. గడ్డకట్టే నీరు వ్యాకోచించి గొట్టాన్నే నొక్కేస్తుంది. అది సడలేదాకా మొదటి కొన్ని రోజుల రీడింగులు పనికిరావు. ఎండాకాలంలో స్టీలు వేడెక్కి చుట్టూ మంచు కరిగితే పట్టు వదిలేస్తుంది. అప్పుడు ఒత్తిడి ఉన్నా సున్నా చూపిస్తుంది. కేబుళ్లు నక్కలు కొరికేయడం మరో తలనొప్పి.

అసలు గందరగోళం వేడిమితో. పైపొర చల్లబడితే ముడుచుకుని లాగుతుంది, వెచ్చబడితే ఉబ్బి నొక్కుతుంది. ఈ ఒత్తిడి అన్ని దిక్కులా దాదాపు సమానం, నెమ్మదిగా మారుతుంది. గాలి, ప్రవాహం తోసినప్పుడు వచ్చేది ఒక దిక్కున ఎక్కువ, గంటల్లో ఎగబాకుతుంది. మోడల్‌కు కావలసింది ఈ రెండోది. అందుకే ఈ రెండిటినీ విడదీయాలంటే మంచు ఫలకం మధ్యలో ఒక్క సెన్సర్ పాతి సరిపెట్టుకోకూడదు. అంచు దగ్గర కూడా ఉండాలి, పైపొరలో ఒకటీ లోతున ఒకటీ ఉండాలి.

భారత్ 2014లో నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లోని కాంగ్స్‌ఫియోర్డ్ అనే సముద్రపు పాయలో దించిన ఇండ్‌ఆర్క్ పరికరాలు నీటి ఉష్ణోగ్రత, లవణత కొలవడానికి. మంచు ఒత్తిడి వాటి పని కాదు. ఆ లోటు మన ఇంజినీరింగ్ కాలేజీలు కొంతైనా పూడ్చొచ్చు. డ్యాముల్లో పాతే వైబ్రేటింగ్ వైర్ పరికరాలది ఇదే సూత్రం. సివిల్ విద్యార్థులకు కొత్తేమీ కాదు. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా రొయ్యల వ్యాపారముంది కాబట్టి మైనస్ 18 డిగ్రీల గది దొరకడమూ కష్టం కాదు. లీటరుకు 35 గ్రాముల ఉప్పు కలిపిన నీటిని గడ్డకట్టించి, సెన్సర్ పాతి, తెలిసిన బరువుతో నొక్కి చూడాలి. దానికన్నా ముందు, బరువు లేకుండా సెన్సర్‌ను మామూలు గది ఉష్ణోగ్రత నుంచి మైనస్ 18కి దించి మళ్లీ పైకి తేవాలి. తిరిగొచ్చాక సున్నా రీడింగ్ పాత చోటికి రాకపోతే ఆ సెన్సర్‌ను ధ్రువానికి పంపి లాభం లేదు.