రిజిస్టర్‌లో ఎనిమిది జీబీ

నల్గొండలో ఒక కాలేజీకి కంప్యూటర్ల స్టాక్ వెరిఫికేషన్‌కు, అంటే రిజిస్టర్‌లో రాసినవి ఉన్నాయో లేదో చూడటానికి పోతూ, కంప్యూటర్ తెలిసినవాడని నన్నూ వెంటబెట్టుకుపోయారు. ఇంత శాస్త్రీయమైన తనిఖీని నా జన్మలో చూడలేదు. పెద్దసారు కుర్చీలోంచి లేవకుండానే "ఇరవై" అన్నారు. అటెండర్ గుడ్డ కవర్ల మీద ఒక్కొక్కటిగా చెయ్యి వేసి ఇరవై లెక్కపెట్టాడు. మూడింటి మీద దసరా నాటి కుంకుమ బొట్లు ఇంకా చెరగలేదు. వాటికి ‘మంచి కండిషన్’ అని రాశారు, అమ్మవారి పూచీ ఉంది గదా. ఒక కవరు కింద టేబుల్ ఫ్యాన్ బయటపడింది. చాయ్ వచ్చేదాకా చర్చ జరిగింది. అదీ కరెంటుతోనే నడుస్తుందని తేల్చి, అంకె మార్చలేదు.

"సార్, ఒక్క కమాండ్ కొడితే లోపల ఏమున్నదో మిషనే చెప్తది" అన్నాను. అందరూ నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశారు.

అవి విండోస్ బదులు లైనక్స్ నడిచే మిషన్లు. పెద్ద అధికారంతో పని చేయించే సుడో తగిలించి, లోపలి భాగాల వివరాలు చెప్పే డీఎంఐడీకోడ్ కమాండ్ కొట్టి మెమొరీ అడిగాను. ఒక స్లాట్‌లో నాలుగు జీబీ, రెండోది ఖాళీ. రిజిస్టర్‌లో మాత్రం ఎనిమిది. "అయితే రిజిస్టర్ తప్పా సార్?" అన్నారు స్టాక్ సారు, మనసు నొచ్చుకుని. ఆయన లెక్కలో అబద్ధమాడింది మదర్‌బోర్డు. లోపలి కార్డుల జాబితా ఇచ్చే ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌కి, వివరంగా చెప్పమని మైనస్ వీ తగిలిస్తే నెట్‌వర్క్ కార్డు ఏ మెమొరీ అడ్రసు, ఏ ఐఆర్‌క్యూ (ప్రాసెసర్‌ని పిలిచే గంట నంబరు) పట్టుకుని కూర్చున్నదో కూడా వచ్చింది. మా ఊరి పహాణీ ఇంత శుభ్రంగా ఉండదు.

"పొద్దున తొమ్మిదింటి నుంచి పిల్లలు దీనిమీదనే ప్రాక్టీస్ చేస్తున్నరు" అన్నారు కాలేజీవాళ్లు. అక్కడే ఆగి ఉండాల్సింది. లైనక్స్ తన లోపలి సంగతులు చూపించే ప్రాక్ ఫోల్డర్‌లో, ఏ గంట ఎన్నిసార్లు మోగిందో లెక్క ఉండే ఇంటరప్ట్స్ ఫైలు తెరిచాను. ఊదారంగు గుండ్రటి పిన్ను ఉన్న ఆ పాత కీబోర్డుది ఒకటో నంబరు ఐఆర్‌క్యూ. మీట నొక్కినా, వదిలినా లెక్క పెరుగుతుంది. మిషన్ ఆన్ అయింది తొమ్మిదింటికే. లెక్కలో నేను కొట్టిన అక్షరాలు తప్ప ఇంకేం లేవు.

దేవరకొండ దిక్కు తండాల నుంచి బస్సులో నిలబడి వచ్చే పిల్లలు, ఆ గది కిటికీలోంచి తొంగి చూసి పోతున్నారు. కవరు తీస్తే పాడైతదట! మూడేళ్ల డిగ్రీ అయిపోతుంది, ఒక్క మీట నొక్కకుండా. వాళ్ల నాలుగు జీబీలు ఎవడు ఊడబీక్కుపోయాడో అడిగే దిక్కు లేదు. సిగ్గుండాలి మనకు.

చివర్న సంతకం అడిగారు. ‘నాలుగు జీబీ’ అని రాసి సంతకం పెట్టాను. పెద్దసారు ఆ నాలుగు మీద వైట్‌నర్ పూసి, ఆరేదాకా ఓపిగ్గా ఊదారు.