మ్యూట్‌లో లేదు బాబాయ్!

సినిమా పేరెత్తితే "సైన్సంటే తెలుసా వీళ్లకి?" అనే బాబాయ్ ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు. ఆయన రిటైరైన ఫిజిక్స్ లెక్చరరైతే ఇక చెప్పక్కర్లేదు. పైగా అది బొమ్మల సినిమా అయితే పేపరు మడవకుండానే తీర్పు వచ్చేస్తుంది. అలాంటాయనకి 2008లో పిక్సార్ తీసిన 'వాల్-ఈ' చూపించాలంటే సినిమా బాగుంటే చాలదు, రిమోట్ ఆయన చేతికి అందకూడదు.

టీవీ సంగతి ముందురోజే చూసుకోవాలి. సినిమా నడిచేది సెకనుకి 24 ఫ్రేములతో. మోషన్ స్మూతింగ్ ఆన్‌లో ఉంటే, లేని ఫ్రేముల్ని టీవీయే కల్పించి మధ్యలో దూరుస్తుంది. అప్పుడు మనుషులు వదిలేసిపోయిన భూమ్మీద 700 ఏళ్లు చెత్త ఎత్తిన రోబో వాల్-ఈ కాస్తా మధ్యాహ్నం సీరియల్లో కోడలిలా నున్నగా జారుతూ నడుస్తుంది. దాన్ని ఆపేసి, పిక్చర్ మోడ్‌ని వివిడ్ నుంచి సినిమాకి మార్చాలి.

అసలు గండం మొదటి అరగంట. ఒక పాత పాట టేపు, కొన్ని ప్రకటనలు తప్ప మనిషి మాట దాదాపు వినిపించదు.

"ఏరా, సౌండ్ రావట్లేదు."

"వస్తోంది బాబాయ్. అక్కడ మాట్లాడేవాళ్లెవరూ లేరు."

రోబో చేసే ఆ గరగరలూ కిచకిచలూ సౌండ్ డిజైనర్ బెన్ బర్ట్ చేతి పని. స్టార్ వార్స్‌లో ఆర్2-డి2 అనే రోబోకి గొంతిచ్చింది కూడా ఆయనే. ఇదంతా బాబాయ్‌కి చెప్పేలోపు వాల్యూమ్ 60కి చేరి ఉంటుంది. సరిగ్గా అప్పుడే రాకెట్ దిగుతుంది. వంటింట్లో పిన్ని చేతిలోంచి పోపు గరిటె జారి, ఆవాలన్నీ స్టవ్ కిందికి దొర్లిపోతాయి.

వాల్యూమ్ తగ్గించాక ఆయన ఊరుకుంటారా? ఆడియో మెనూ తెరుస్తారు. అందులో ఇంగ్లిష్ రెండుసార్లు ఉంటుంది. రెండోదాని పక్కన చిన్న అక్షరాల్లో 'ఆడియో డిస్క్రిప్షన్' అని ఉంటుంది. అది చూపు లేనివాళ్ల కోసం పెట్టిన ట్రాక్. ఎవరో పెద్దమనిషి రోబో అటు తిరిగింది, ఇటు తిరిగింది అని వ్యాఖ్యానం మొదలెడతాడు. "ఇదిగో, ఇప్పుడొచ్చింది సౌండు!" అని బాబాయ్ విజయగర్వంతో వెనక్కి వాలతారు. మళ్లీ మొదటి ఇంగ్లిష్‌కి మార్చాలి, అదీ ఆయన మంచినీళ్లకి లేచినప్పుడే.

అక్కణ్ణుంచి ఆయన మారడం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అంతరిక్షంలో పేలుడు చప్పుడు వినగానే "గాలి లేనిచోట శబ్దమేంట్రా?" అంటారు. నిజమే, జవాబు లేదు. కానీ వాల్-ఈ మంటలార్పే సిలిండర్ పట్టుకుని, గ్యాస్ ఒకవైపు చిమ్ముతూ రెండోవైపు ఎగురుతాడు చూడండి, పేపరు అక్కడ కిందపడుతుంది. "న్యూటన్ మూడో నియమం! తోపు ద్రవ్యరాశి కేంద్రం గుండా పోకపోతే గిరగిరా తిరుగుతాడు, జాగ్రత్త!" ఆ జాగ్రత్త ఎవరికి చెప్పారో ఆయనకే తెలియాలి.

ఇక చివర్లో, భూమిని వదిలిన మనుషులుండే అంతరిక్ష ఓడ పక్కకి ఒరుగుతుంది, జనమంతా ఒక గోడవైపు జారిపోతారు. సినిమాలో అతి పెద్ద తప్పు ఇదే. ఓడలో గురుత్వాకర్షణ కృత్రిమంగా పుట్టించిందైతే అది నేలతోపాటే ఒరుగుతుంది, ఎవరూ జారకూడదు. ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి దీన్ని పట్టుకుంటారని చూస్తే, ఆయన సోఫా చెయ్యి పట్టుకుని "నొక్కరా కెప్టెనూ, ఆ బటన్ నొక్కు!" అని అరుస్తుంటారు. తప్పు గుర్తొచ్చేది మర్నాడు పళ్లు తోముకునేటప్పుడు.

ఇంకో పని, ఆటోప్లే ముందే ఆపెయ్యండి. చివరి పేర్లలోనూ కథ నడుస్తుంది. గుహల్లో గీసిన బొమ్మల తీరుతో మొదలై ఈజిప్టు తీరు, మొజాయిక్, చిత్రకారుడు వాన్‌గో తీరు వరకూ సాగుతుంది. యాప్‌కి అదంతా పట్టదు, బొమ్మని మూలకి నొక్కేసి తర్వాతి సినిమాకి అంకెలు లెక్కపెడుతుంది. బాబాయ్ కంగారుగా రిమోట్ లాక్కుని, బ్యాక్ అనుకుని హోమ్ నొక్కి, ఇన్‌పుట్ మార్చి, 'సిగ్నల్ లేదు' అనే తెర ముందు తేలతారు.

"ఒరేయ్, అయిపోలేదురా! వాళ్లింకా నాట్లేస్తున్నారు!"